మా వీధి ఆడిటర్లకు జై

పోస్టరు పడింది. గేమ్ ఛేంజర్‌కు ఒక్క రోజుకే 186 కోట్లు. హైదరాబాద్ నవ్వింది, బెజవాడ నవ్వింది, ఎదుటి హీరోల అభిమానులైతే సంక్రాంతి మూడు రోజులూ నవ్వుతూనే ఉన్నారు. కర్ణాటకలోని మా చింతామణిలో మాత్రం దాన్ని తలకెత్తుకుని ఊరేగించారు. మనకు పోస్టరంటే శాసనం. రాయి మీద చెక్కినా ఫ్లెక్సీ మీద అచ్చేసినా ఒకటే.

2025 జనవరి 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. పండగపూట టీ అంగడి దగ్గర తెలిసిన కుర్రాడు కనిపిస్తే పలకరించాను.

"ఎట్లుందిరా సినిమా?"

"డే వన్ సీడెడ్ కుమ్మేసింది మామా."

"అది కాదప్పా, కథ ఎట్లుంది?"

"నైజాంలోనే కొంచెం డ్రాపు. ఓవర్సీస్ చూడాల."

కథ ఎట్లుందని అడిగితే ఏరియాల వారీగా జవాబొచ్చింది. హీరోయిన్ గురించి అడిగితే హిందీ బెల్టు అంకెలు చెప్పేవాడు.

వీడిది బి.ఏ. ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలే ఉన్నాయి, అందులో ఒకటి ఎకనామిక్స్. అయినా నిద్రలో లేపి అడిగితే గ్రాస్ వేరు, షేర్ వేరు అని పాఠం చెబుతాడు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులోంచి జీఎస్టీ పోవాలి, థియేటరు అద్దె పోవాలి, అప్పుడు డిస్ట్రిబ్యూటరు చేతికి మిగిలేది షేర్. పోస్టరు మీద వేసేది మాత్రం గ్రాసే, పెద్ద అంకె గనక. వంద రూపాయలు దాటిన టికెట్టు మీద జీఎస్టీ 18 శాతం. అంటే మావాడు రొమ్ము విరుచుకుని చూపించే కోట్లలో ఒక వాటా ఖజానాది. నిర్మలా సీతారామన్ గారికి మా తాలూకాలో ఇంత మాస్ ఫాలోయింగ్ ఉందని ఆమెకు ఎవరైనా చెబితే బాగుండు.

అదే నోటితో ఇంకో ప్రశ్న వేశాను. "ఈ రోజు మండీలో టమోటా బాక్సు ఎంత పోయిందిరా?" వాళ్ల చేనులో పంట కోతకొచ్చి ఉంది.

"తెలీదు మామా. నాయన పోయుండాడు."

నాయన పోయుండాడు! తెల్లారకముందే టెంపోలో బాక్సులేసుకుని, వేలంపాటలో ఎవడు ఎంత అంటాడో అని నోరెండబెట్టుకుని నిలబడి, కమీషను పోగా, కూలి పోగా మిగిలింది చీటీ మీద రాయించుకుని నాయన వస్తాడు. అది గ్రాసా, షేరా అని కొడుకు ఏనాడూ అడగడు. హైదరాబాద్‌లో ఎవరికో ఎంత మిగిలిందో పైసలతో సహా చెబుతాడు, ఇంట్లో బోరు మీద అప్పు ఎంతుందో చెప్పలేడు. వెయ్యి అడుగులు దింపినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేని నేల మాది. ఈ నేల మీద పుట్టినవాడు బ్రేక్ ఈవెన్ అన్న మాటను సినిమాకు తప్ప దేనికీ వాడడు. శిడ్లఘట్టలో పట్టుగూళ్ల రేటు పడిపోయిన రోజున ఏ అభిమాన సంఘమూ అర్ధరాత్రి లేచి ట్రెండింగ్ చేయదు.

పోనీ, ఇంత కష్టపడి కాపాడే లెక్కలో మావాడి చోటెక్కడ? ఏరియాల వారీ వసూళ్ల పట్టిక చూడండి. నైజాంకు ఒక వరస, సీడెడ్ అనే రాయలసీమకు ఒక వరస, ఉత్తరాంధ్రకు, తూర్పుకు, పశ్చిమకు, గుంటూరుకు, కృష్ణాకు, నెల్లూరుకు తలా ఒకటి. నెల్లూరుకు కూడా ప్రత్యేకం! అన్నీ అయ్యాక, అట్టడుగున, కర్ణాటక ప్లస్ రెస్టాఫ్ ఇండియా. బాగేపల్లి నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాటితే సీడెడ్, ఇవతల ఉంటే రెస్టాఫ్ ఇండియాతో ఒకే గంప. గొంతు చించుకుని అరిచిన ఇంకొకడు గౌరిబిదనూరు మనిషి. జై కొట్టింది డాకు మహారాజ్ హీరో, పక్కనున్న హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణకు. ఓటుందా? లేదు. ఏరియా ఉందా? అదీ లేదు. అయినా ఎదుటి హీరోకు రెండు కోట్లు ఎక్కువొచ్చాయంటే రాత్రి అన్నం తినడు.

ఇదే గడ్డ మీద కైవారం తాతయ్య కాలజ్ఞానం చెప్పాడు గదా, ఆ గాలి సోకిందేమో, విడుదలకు వారం ముందే వీళ్లు మొదటి రోజు వసూళ్లు చెప్పేస్తారు. తాతయ్య చెప్పింది జరిగిందా లేదా అని జనం ఇన్నేళ్లుగా చర్చించుకుంటున్నారు. వీళ్లకా బాధ లేదు. జరగకపోతే పోస్టరు జరిపిస్తుంది.

అసలు సంగతి ఇంకొకటుంది. 186 కోట్ల కోసం కొట్లాడిన మావాడు ఆ సినిమా చూడలేదు. "టాక్ బాలేదు గదా మామా, దుడ్డు దండగ" అన్నాడు. తను కొనని టికెట్టు తాలూకు వసూలు నిజమని దేవుడి మీద ఒట్టేస్తున్నాడు.

జనవరి 21న హైదరాబాద్‌లో నిర్మాతల ఇళ్లకు, ఆఫీసులకు ఐటీ వాళ్లు సోదాలకు వచ్చారు. అంతే, మా వీధి ఆడిటర్లు ఒక్క పూటలో మాట మార్చారు. "పోస్టర్లన్నీ పబ్లిసిటీ కోసం వేసేవి మామా, అవన్నీ పట్టించుకోగూడదు." మొన్నటి దాకా ఆ పోస్టరు కోసమే బంధుత్వాలు తెంచుకున్న వంశం ఇది.

తిరుపతిలో డాకు మహారాజ్ పోస్టరు ముందు జీవాన్ని నరికారు, కేసయింది. దాని గురించి నేనేమీ అనను, ఆ మేక ఏ హీరో అభిమానో తెలియదు గనక.

ఇక్కడి దాకా నవ్వొచ్చింది. ఇక రాదు.

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర పుష్ప-2 ఆటకు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. మర్నాడు మా పక్కనే, దొడ్డబళ్లాపురం దగ్గర బాశెట్టిహళ్లిలో, శ్రీకాకుళం నుంచి బతుకుదెరువుకు వచ్చిన 19 ఏళ్ల పిల్లవాడు అదే పుష్ప-2 ఉదయం ఆటకు పరిగెత్తుతూ, పట్టాలు దాటుతూ రైలు కింద పడ్డాడు. ఆ వెంటనే పోస్టరు పడింది: మొదటి రోజు 294 కోట్లు. ఆ పిల్లవాణ్ని ఏ వరసలో వేశారు? ఉత్తరాంధ్రలోనా, కర్ణాటకలోనా? 2025 జనవరి 4న రాజమండ్రిలో గేమ్ ఛేంజర్ సభ నుంచి బండి మీద ఇంటికి పోతూ ఇద్దరు పోయారు. 2020లో కుప్పం దిక్కున శాంతిపురంలో హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతుంటే కరెంటు కొట్టి ముగ్గురు పోయారు. ఇది తెలుగోళ్ల పిచ్చి అని పెదవి విరిచే కన్నడ మిత్రులకు కూడా ఒక మాట: 2024 జనవరిలో గదగ్ జిల్లాలో యశ్ పుట్టినరోజుకు కటౌట్ నిలబెడుతూ పోయినవాళ్లూ ముగ్గురే.

పోస్టరు వేసేవాడి మీద నాకు కోపం లేదు. అబద్ధం వాడి పెట్టుబడి, వాడు దాని మీద వడ్డీ తింటాడు. ఆ అబద్ధాన్ని కూలి లేకుండా మోసేవాళ్ల మీద కోపం. మైకు పట్టుకుని "మీరే నా బలం" అని చెప్పి కారెక్కి పోయేవాళ్ల మీద కోపం. 2022 మార్చి 19న చిక్కబళ్లాపురంలో ఆర్ఆర్ఆర్ పండగ జరిగినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి బొమ్మై గారు వేదికెక్కారు, శివరాజ్‌కుమార్ వచ్చారు, ఇసుక వేస్తే రాలనంత జనం. జనం ఎందుకు కావాలి? ఆకాశం నుంచి డ్రోను దింపి చూపించడానికి. ఆ తలకాయల్లో ఒకటి నాదే అని ఈనాటికీ చెప్పుకునేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. చిక్కబళ్లాపురం చెరువుల్లో చేరేది బెంగళూరు వాడి పారేసిన మురుగును శుద్ధి చేసి పంపిన నీళ్లు. మంచి నీళ్ల కోసం అంత జనం ఒక్కసారి ఆ మైదానంలో నిలబడి ఉంటే బొమ్మై గారు ఏమి చెప్పేవారో వినాలని ఉంది.

ఇంకో పెద్దమనిషి ఉండేవారు ఈ జిల్లాలో. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండగా, 1976లో మహిమలను పరీక్షించడానికి ఒక కమిటీ వేసి, పుట్టపర్తి బాబాకే ఉత్తరాలు రాశారు, మా ముందు చేసి చూపించండి అని. బాగేపల్లిలో ఆయన సంస్థ వాళ్ల నేషనల్ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. ఆ కాలేజీ ఊళ్లోనే కుర్రాళ్లు ఒక అంకెల కాగితాన్ని "రుజువేది?" అని అడగలేకపోతున్నారు. బాబాను అడగడం కంటే నిర్మాతను అడగడం కష్టమైందా? కేరళలో నిర్మాతల సంఘమే ఏ సినిమాకు ఎంత పెట్టారు, థియేటర్ల నుంచి ఎంత తిరిగొచ్చింది అని పేరు పేరునా పట్టిక బయట పెట్టింది. ఆకాశం ఊడి పడలేదు.

మా పల్లెల్లో కురుక్షేత్రం నాటకం ఆడినప్పుడు కూడా మైకులో వసూలు చెప్పేవాళ్లు. ఫలానా వారు కృష్ణ పాత్రధారికి నూట పదహార్లు చదివించారు అని. అయితే ఆ నోటు అందరి కళ్ల ముందు చేతికి అందేది. ఇచ్చినవాడు పద్యం విని ఇచ్చేవాడు. రాగం తప్పితే నూట పదహార్లు ఇచ్చినవాడే లేచి "ఏమప్పా, అది మోహనా?" అని నిలదీసేవాడు. అర్జునుడి అభిమానులు దుర్యోధనుడి అభిమానుల చదివింపులు దొంగవని గొడవపడిన జ్ఞాపకం నాకు లేదు.

మళ్లీ పండగొస్తుంది, మళ్లీ సినిమాలొస్తాయి. మళ్లీ గోడల మీదికి కోట్లొస్తాయి. అంటించేవాళ్లకు నాదొక్కటే మనవి: అంకె కింద ఎవరిదో ఒకరి సంతకం వేయించండి, ఏ నెల జీఎస్టీ లెక్కో రాయించండి. కుదరదంటారా, మా గోడ వదిలేయండి. అక్కడ ఇప్పటికే మొలల డాక్టర్ల పోస్టర్లున్నాయి. వాళ్లు కనీసం ఫోన్ నంబరైనా వేస్తారు.