పదహారు రింగులు, నాలుగు ఇడ్లీ రేకులు

స్పోర్ట్స్ కారు పెట్రోలు తాగుతుందంటే యజమాని మీసం మెలేసి చెప్పుకోవచ్చు. ఆయిలు తాగుతుందంటే మాత్రం ఎవరికీ చెప్పుకోలేడు. మా ఎంజీ-ఎ రెండూ తాగేది. 1957 మోడలు, ఎర్ర రంగు, రెండే సీట్లు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న అబింగ్డన్‌లో తయారైంది. అదే ఊళ్లో కాపురం ఉంటూ ఆ ఊరి బండి కొనకపోతే మర్యాద కాదని నాకు నేనే నచ్చజెప్పుకుని, మా ఆవిడకి సగం ధర చెప్పి కొన్నాను. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే వెనకాల నీలం పొగ లేచేది. ఆ పొగలో వెనక కార్లవాళ్ల మొహాలు కనిపించేవి కావు కాబట్టి వాళ్ల అభిప్రాయం కూడా నాకు తెలిసేది కాదు.

ఆ వేసవిలో అత్తగారూ మామగారూ వచ్చారు. మామగారు బెజవాడలో రెండు అంబాసిడర్లు అద్దెకు తిప్పిన మనిషి. బండి చుట్టూ తిరిగి, "తలుపుకి పిడి ఏదండీ?" అన్నారు. ఈ రోడ్‌స్టర్‌కి బయట పిడి ఉండదు, లోపలికి చెయ్యి పెట్టి లాగాలి. అందులోని సొగసు నేను వివరిస్తూండగానే ఆయన బానెట్ ఎత్తించి, లోపలికి తొంగి చూసి, "ఇది మన అంబాసిడర్ ఇంజనే కదా బాబూ!" అన్నారు.

కాదనడానికి నోరు తెరిచాను గానీ సాక్ష్యం ఎదురుగా ఉంది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజను, 1489 సీసీ, బోరు 73.025 మిల్లీమీటర్లు. 1955లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో ఎంజీ-ఎ కింద ఊరేగిందీ ఈ కుటుంబమే, 1959 నుంచి బెంగాల్లోని ఉత్తరపారాలో అంబాసిడర్ కింద చేరిందీ ఈ కుటుంబమే. మా దానికి రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, కొంచెం ఎక్కువ కంప్రెషన్, చురుకైన క్యామ్‌షాఫ్ట్. మిగిలిన ఇనుము ఇనుమే. నేను స్పోర్ట్స్ కారనుకుని కట్టిన డబ్బులో ఎంత భాగం ఆ ఎర్ర రంగుకి పోయిందో ఆ క్షణాన లెక్క తేలింది.

"పొగ రింగులదా, వాల్వులదా?" అన్నారు మామగారు. పరీక్ష సులువే. ప్లగ్గు తీసిన చోట కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే మూడో సిలిండర్ మిగతావాటికన్నా బాగా నీరసంగా ఉంది. ఆ కన్నంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూశాం. ముల్లు చటుక్కున పైకి లేచింది. ఆయిలు రింగుల చుట్టూ చేరి సందు మూసిందన్నమాట. తప్పు వాల్వులదైతే ఆ ముల్లు అంతగా కదలదు.

రింగులు మార్చేస్తే సరిపోతుందని నా ఆశ. రింగుల సెట్టు చవక, పిస్టన్లు కాదు. హెడ్డు విప్పాక మామగారు సిలిండర్ పై అంచున గోరు పెట్టి కిందికి జార్చారు. గోరు టక్కున ఆగింది. పై రింగు సిలిండర్ చివరంటా రాదు. అది తిరిగినంత మేరా గోడ అరుగుతుంది, పైన సన్నటి పట్టీ మేర అరక్కుండా మెట్టులా మిగిలిపోతుంది. పదును తగ్గని కొత్త రింగు వెళ్లి ఆ మెట్టుకి కొట్టుకుంటే విరుగుతుంది. పైగా గోడ గుండ్రంగా కూడా లేదు. పిస్టన్ పక్కకి ఒత్తే వైపు ఎక్కువ అరిగి కోలగా తయారైంది. కోల బోరులో గుండ్రటి రింగు ఎంత ఖరీదైనదైనా ఏం చేస్తుంది? కాబట్టి బోరు కొట్టించాలి, పిస్టన్లు కొనాలి. మా ఆవిడకి ఈసారి పావు ధరే చెప్పాను.

ఓవర్‌సైజ్ పిస్టన్లు పది, ఇరవై, ముప్పై, నలభై థౌలలో దొరుకుతాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మామగారు బోరులో బొటనవేలు తిప్పి "నలభై" అని తీర్పు చెప్పారు. వర్క్‌షాపులో ఇంగ్లీషు పెద్దాయన డయల్ గేజ్ దించి, టీ ఒక గుక్క తాగి, ముప్పైకే శుభ్రమవుతుందన్నాడు. గోడ బాగుపడే అతి చిన్న సైజుకే ఆగాలి, మళ్లీ విప్పిన రోజున కోయడానికి ఇనుము మిగలాలి, అదీ నియమం. "మళ్లీ ఎవరు విప్పుతారు, మీరా?" అని మామగారు నావైపు చూశారు. ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చింది ఒక్క విషయంలోనే. పిస్టన్లు ముందు చేతికి రావాలి, ఒక్కొక్కదాన్నీ కొలిచి దానికి తగ్గట్టే బోరు కొయ్యాలి. బెజవాడ ఆటోనగర్‌లోనూ ఇదే పద్ధతని మామగారు చెబితే పెద్దాయన ఆటోనగర్ ఏ కౌంటీలో ఉందని అడిగాడు.

ముప్పై థౌ కోశాక మా ఇంజను 1520 సీసీ అయింది. పెరిగింది 31 సీసీ, అంటే రెండు టేబుల్ స్పూన్లు. ఆ రెండు స్పూన్ల శక్తి గురించి నేను ఆఫీసులో చాలాసేపు మాట్లాడాను.

ఇక రింగులు. చూడ్డానికి ఇంత అల్పమైన వస్తువు ఇంజనులో ఇంకోటి ఉండదు. 1852లో జాన్ రామ్స్‌బాటమ్ అనే రైల్వే ఇంజనీరు ఆవిరి ఇంజన్ల కోసం ఈ చీలిక రింగు కనిపెట్టేదాకా పిస్టన్ చుట్టూ జనపనారలాంటివి కుక్కేవారు. రింగుకి సొంత బలం కొంచెమే. మండిన గ్యాసు గాడిలో దూరి, రింగు వెనక చేరి, దాన్ని గోడకేసి నొక్కుతుంది. తప్పించుకుని పారిపోదామనుకున్న గ్యాసే తన దారి తనే మూసుకుంటుంది. ఈ సంగతి తెలిసిన రోజున నాకు రామ్స్‌బాటమ్ మీద గౌరవమూ, గ్యాసు మీద జాలీ కలిగాయి.

మా పిస్టన్‌కి మూడు కంప్రెషన్ రింగులు, ఒక ఆయిల్ రింగు. ఒక్కోదాన్నీ అది ఉండబోయే బోరులోనే పెట్టి, తలకిందులు చేసిన పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. ఎనిమిది నుంచి పదమూడు థౌల సందు ఉండాలని మాన్యువల్ మాట. తక్కువైతే, వేడెక్కి సాగినప్పుడు కొసలు కుమ్ముకుని రింగు గోడని గీరేస్తుంది. అప్పుడు ఆకురాయితో కొస రాయాలి. అలా రాసినదాన్ని ఇంకో సిలిండర్ రింగులతో కలిపేస్తే శ్రమంతా గంగలో పోసినట్టే. నాలుగు సిలిండర్లు, నాలుగేసి రింగులు. వీటిని ఎక్కడ విడివిడిగా దాచడం?

అత్తగారు సామర్లకోట నుంచి మోసుకొచ్చిన ఇడ్లీ పాత్రలో నాలుగు రేకులు, రేకుకి నాలుగు గుంటలు. రింగు గుంటలో దిగినంత ఒద్దికగా గాడిలో కూడా దిగలేదు. మొదటి రేకు మొదటి సిలిండర్‌కి, అలా వరసగా అమర్చి, నేనూ మామగారూ మా తెలివికి మేమే మురిసిపోయి పడుకున్నాం. తెల్లారి అత్తగారు పిండి గరిటెతో వంటింట్లో నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయను. ఆవిడ మూడో రేకులోంచి ఒక రింగు తీసి, "దీని మీద టి అని ఉందేవిటి?" అన్నారు. ఏటవాలుగా చెక్కిన రింగుకి ఆ గుర్తు పైకి ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే ఆయిల్ని కిందికి గీకాల్సింది పైకి తోడుతుంది. ఆ రోజు ఉప్మా తిన్నాం.

పిస్టన్లు ఎక్కించడం త్వరగానే అయింది. ఈ ఇంజనుకి కనెక్టింగ్ రాడ్డు కింది భాగం ఏటవాలుగా చీలి ఉంటుంది, బోరులోంచి దూరాలని. కొసల సందులు ఒకే వరసలో రాకుండా రింగులు తిప్పి, క్లాంపు బిగించి, సుత్తి కర్రతో మెల్లగా తడితే పిస్టన్ దిగిపోయింది. ఆ కర్ర మామగారు నాకివ్వలేదు.

అసలు గొడవ బండి స్టార్టయ్యాక వచ్చింది. "బోరు చేసిన బండి పచ్చి బాలింత. నెల్లాళ్లు నలభై దాటకూడదు. ముందు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఐడ్లింగులో ఉంచండి," అన్నారు మామగారు. వర్క్‌షాపు పెద్దాయన సరిగ్గా తిరగేసి చెప్పాడు: ఊరికే తిప్పితే బోరు కోశాక గోడ మీద గీసిన హోనింగ్ గీతలు నున్నబడి గాజులా అవుతాయి, రింగు కూర్చోదు. గ్యాసు ఒత్తిడి ఉంటేనే రింగు గోడని పడుతుంది గనక, అతివేగం పోకుండా, ఎత్తు ఎక్కించి లాగించాలి. నాకు రామ్స్‌బాటమ్ పక్షమే నచ్చింది. మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని బోర్స్ హిల్ ఎక్కించాను. ఆయన కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకున్నారు. నేను మాత్రం అద్దంలోంచి కళ్లు తిప్పలేదు. వెనక కారువాడు స్పష్టంగా కనిపించాడు, విసుక్కుంటున్నాడు కూడా.

ఇంటికి రాగానే మామగారు అత్తగారితో, "గట్టిగా తొక్కమని నేనే చెప్పాను, లేకపోతే రింగులు కూర్చోవు," అన్నారు.

"రింగులు కూర్చున్నాయి, సరే. రెండే సీట్లు కదా, మేమెక్కడ కూర్చోవాలి?" అన్నారావిడ. "మీ అంబాసిడర్లో తొమ్మిదిమందిమి అన్నవరం వెళ్లాం. ముందు నాకు కొత్త ఇడ్లీ రేకులు తెప్పించండి."