ధూమావతి: పక్కటెముకల సూత్రానికి శృంగవరపుకోట వ్యాఖ్య

అవతారిక

మా మేనల్లుడు సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చాడు. వస్తూ ఒక థర్మామీటరు, ఒక డబ్బా పొడి, ఒక సూత్రం తెచ్చాడు. థర్మామీటరూ పొడీ పెట్టెలో వచ్చాయి. సూత్రం నోట్లో వచ్చింది. దిగిన పూట నుంచి ఇంటికి ఎవరొస్తే వాళ్లకి, పాలు పోయడానికి వచ్చినవాడితో సహా, పంది పక్కటెముకలు మెత్తగా కాల్చడం ఎంతటి విద్యో చెబుతూనే ఉన్నాడు. "మన ఇండియాలో మాంసం ఉడకబెట్టుకోవడమే గాని కాల్చడం ఎవరికీ తెలీదు మావయ్యా" అన్నాడు. ఎక్కడ కూర్చుని? శృంగవరపుకోటలో! అరకు వెళ్లే బస్సు అనంతగిరి ఘాటీ ఎక్కేముందు ఆగే ఊళ్లో. ఇక్కణ్ణించి కొండెక్కితే చాలు, రోడ్డు పక్కన పచ్చి వెదురుబొంగుల్లో కోడిని కూరి నిప్పుల మీద దొర్లించే వాళ్లు వరసగా కనిపిస్తారు. వాళ్లలో ఏ ఒక్కరూ అది తపస్సని చెప్పగా నేను వినలేదు.

సూత్రం పుట్టాక వ్యాఖ్య పుట్టకపోతే లోకానికి మంచిది కాదు. మెదకు సీమ కొలిచెలమ నుంచి మల్లినాథసూరి బయల్దేరి కాళిదాసుకి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది నావల్ల కాదు. నా వ్యాఖ్యకి ధూమావతి అని పేరు పెట్టుకున్నాను. కళ్లలోకి పొగ కొట్టినవాళ్లకి కారణం చెప్పనక్కర్లేదు.

మూలము

"పొరఁ దీసి, పొడిఁ బూసి, 225 పాళ్ల వేఁడిమిఁ బదునైదు గడియలు నిలిపి, పొగఁ బెట్టి, పొట్లముఁ గట్టి, పూఁతఁ బూసి, విశ్రాంతి నిచ్చి వడ్డింపవలెను. మాంస మెముకనుండి కొఱికిన నూడవలెను, ముట్టిన నూడరాదు."

సూత్రకారుడి భాష ముప్పాతిక ఇంగ్లీషు కాబట్టి తెలుగులోకి దించిన పాపం నాది. గడియకి 24 నిమిషాలు. పదిహేను గడియలంటే ఆరు గంటలు.

టీక

పొరఁ దీసి: పక్కటెముకల పలకకి లోపలి వైపు, గుండె ఉండే వైపు, పల్చటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. అది ఎంతసేపు కాల్చినా మెత్తబడదు, పొడిని లోపలికి పోనివ్వదు. కత్తిమొనతో ఒక మూల లేపి, జారిపోకుండా గుడ్డతో పట్టుకు లాగితే ఒక్క ఊపున వస్తుంది. అంతే సంగతి. దీనికి సూత్రకారుడు తీసుకున్న సమయంలో పొర తీయడం, పలక కడగడం, కత్తి నూరడం మూడూ అయిపోయేవి.

ఇక్కడ శాస్త్రచర్చ ఉంది. తీసి, పూసి, నిలిపి, పెట్టి, కట్టి, ఇచ్చి: ఇవన్నీ క్త్వార్థకాలు. ముందు జరిగిన పనికీ తర్వాత జరిగిన పనికీ కర్త ఒక్కడే అయినప్పుడే ఈ రూపం చెల్లుతుందని పాణిని నియమం. తెలుగులోనూ అంతే. "రాముడు అన్నం తిని సీత చేయి కడుక్కుంది" అంటే ఒకటో తరగతి పిల్లవాడు కూడా నవ్వుతాడు. కాబట్టి సూత్రం ప్రకారం పొర తీసినవాడే పొగ పెట్టాలి, పొగ పెట్టినవాడే వడ్డించాలి. మా ఇంట్లో జరిగిందేమిటి? పొర తీసింది మా పెరటి పనికి వచ్చే ముసలామె. పొడి పూసింది మా ఆవిడ. డబ్బా పొడి వాసన చూసి పక్కన పెట్టి, మిరియాలు, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు, అనకాపల్లి బెల్లం కలిపి తన పొడి తనే దంచుకుంది. మామిడి కట్టె కొట్టింది ముసలామె కొడుకు. సరుగుడు బొగ్గు మీద ఊదుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నది మళ్లీ ముసలామే. సూత్రకారుడు చేసిన పనులు రెండు: థర్మామీటరు గుచ్చడం, ఫోటో తీయడం. ఆ రెండూ మూలంలో లేవు. ఇన్ని క్త్వార్థకాలకి ఇందరు కర్తలుంటే ఆ వాక్యం అపశబ్దం. వ్యాకరణం ఒప్పుకోని వంట నలుగురికీ ఎలా అరిగిందో తెలియదు.

225 పాళ్ల వేఁడిమి: ఏ పాళ్లు? సూత్రకారుడు చెప్పలేదు, అమెరికాలో చెప్పనక్కర్లేదు. అవి ఫారెన్‌హీటు పాళ్లు. మన లెక్కలో 107 సెల్సియస్. మన ఇళ్లలోని ఓవెన్ల మీద ఉండేవి సెల్సియస్ అంకెలు. ఎవరో అమాయకుడు ముల్లుని 225 దగ్గర పెట్టి నిద్రపోతే, లేచేసరికి మిగిలేది విభూతి. ఇది హాస్యం కాదు. అంకె చెప్పి ప్రమాణం చెప్పకపోవడం పాండిత్యం కింద చెల్లిపోతున్న రోజులివి.

అంత తక్కువ వేడి ఎందుకంటే, పక్కటెముకల మధ్య మాంసంలో కొల్లాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. అది 70 సెల్సియస్ దాటాక మెల్లమెల్లగా కరిగి జిగురవుతుంది. తొందరపడి మంట పెంచితే పీచు కరగక ముందే రసం ఆవిరైపోతుంది. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన పాయా పెదాలకి అంటుకుంటుందే, ఆ జిగురే ఇదీ. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

పొగఁ బెట్టి: ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కొంచెంసేపు ఆగుతాడు. తొందరున్నవారు కింద ‘పొట్లము’ దగ్గర కలుసుకోవచ్చు.

తర్కశాస్త్రం మొత్తం పొగ మీద నిలబడి ఉంది. కొండ మీద పొగ కనిపించింది. కాబట్టి అక్కడ నిప్పుంది. దీనికి దృష్టాంతం? వంటిల్లు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆయనతో సహా నైయాయికులు అనుమానానికి వంటింటినే సాక్ష్యం పిలిచారు. వాళ్లలో ఎందరు ఆ వంటింట్లోకి అడుగుపెట్టి ఊదుగొట్టం పట్టారన్నది వేరే ప్రశ్న; దానికి ఏ గ్రంథంలోనూ పూర్వపక్షం లేదు. నిప్పు లేని చోటుకి ఉదాహరణ మడుగు. మడుగులో నిప్పుండదు, పొగా ఉండదు. మా శృంగవరపుకోట నుంచి చూస్తే పుణ్యగిరి వైపు కొండల మీద చలికాలం పొద్దున తెల్లగా లేచేది పొగా, మంచా అన్న సందేహం కూడా శాస్త్రంలో ఉన్నదే. మంచుని చూసి పొగ అనుకుని నిప్పుందని తేల్చేవాడి హేతువు అసిద్ధం.

అసలు రుచి ఇంకా ముందుంది. పొగ ఉంటే నిప్పుంటుంది సరే, నిప్పుంటే పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. మరి పొగ ఎప్పుడొస్తుంది? నిప్పుకి తడి కట్టె తగిలినప్పుడు. దీన్ని ఆర్ద్రేంధన సంయోగం అంటారు. ఉపాధి అనే ప్రకరణంలో విద్యార్థులు దీన్ని వల్లెవేస్తూ ఇన్ని వందల ఏళ్లూ గడిపారు. మా మేనల్లుడు కట్టెపేళ్లని రాత్రంతా బాల్చీ నీళ్లలో నానబెట్టాడు. పొద్దున దాన్ని ‘వుడ్ చిప్ సోకింగ్’ అని పరిచయం చేశాడు. నేను పులకించిపోయాను! మా పెరట్లో, బోరింగు పక్కన, ప్లాస్టిక్ బాల్చీలో ఆర్ద్రేంధనం!

కాని నిజం చెప్పాలి. నీళ్లు కట్టెలోకి పైపైనే ఇంకుతాయి. తడి పేళ్లు నిప్పుల మీద పడగానే ముందు వచ్చేది ఆవిరి. ఆ తడి ఆరేదాకా మాంసానికి పట్టే పొగ రాదు. తెల్లగా దట్టంగా లేచే పొగ చేదు పట్టిస్తుంది. కావలసింది కనిపించీ కనిపించని నీలిపొగ. అది బాగా ఎండిన కట్టె నిదానంగా కాలితే వస్తుంది. ముసలామె బాల్చీ వంక చూసి, ఏమీ అనకుండా, గొడ్లసాల చూరు కింద ఎండిన మామిడి కొమ్మ తెచ్చి పెట్టింది.

ఇంకో సీసా కూడా దిగింది, ‘లిక్విడ్ స్మోక్’ అని. కట్టెపొగని చల్లబరిచి నీళ్లలోకి దింపి బిరడా బిగించిన సరుకు అది. నిప్పు లేని చోటుకి మా వాళ్లు చెప్పిన ఉదాహరణ మడుగు. ఆ మడుగులోనే పొగ కలిపి అమ్ముతున్నారు. అన్నంభట్టు చూస్తే ఏమనేవాడో గాని, మా ఆవిడ మూత తీసి, వాసన చూసి, "ఆసుపత్రిలా ఉంది" అని మూత పెట్టేసింది.

పొట్లముఁ గట్టి: మొదటి మూడు గంటలు పొగలో, తర్వాత రెండు గంటలు అల్యూమినియం కాగితంలో చుట్టి, చివరి గంట విప్పి. దీన్ని వాళ్లు 3-2-1 అని మంత్రంలా చెబుతారు. చుట్టడానికి కారణం ఉంది. మాంసం వేడి 70 సెల్సియస్ చుట్టుపక్కల గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. పైన తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తూంటుంది, చెమట ఒంటిని చల్లబరిచినట్టు. పొట్లం కడితే ఆవిరి బయటికి పోదు, వేడి ముందుకి కదులుతుంది. పచ్చి వెదురుబొంగుకి ఆకులు కుక్కి మూతి బిగించేవాళ్లు వేలితో చూపించే సూత్రం ఇదే. ఆదివారం అల్యూమినియం కాగితం అయిపోతే ముసలామె మిగిలిన పలకని అరటాకులో చుట్టి నారతో కట్టింది. ఆ పలకే ముందు మెత్తబడింది. సూత్రకారుడు దాన్ని ఫోటో తీయలేదు.

ఆయన థర్మామీటరు మళ్లీ మళ్లీ గుచ్చుతూంటే ముసలామె అంది: "ఈ పుల్లతో పొడిస్తే తెలీదేటి బావూ? సులువుగా దిగిపోతే ఉడికినట్టు, నేకపోతే నేదు." ప్రపంచమంతా నిపుణులు చేసే పరీక్ష అదే. అయితే ఒక్క చోట యంత్రం పక్షాన మాట్లాడాలి. పంది మాంసం పచ్చిగా ఉంటే బద్దెపురుగు భయం ఉంది. 63 సెల్సియస్ చేరాక మూడు నిమిషాలు ఆగితే క్షేమమని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో తేల్చింది. పక్కటెముకలు మెత్తబడేది 90 దాటాకే కనుక, ఓపికగా వండినవారికి ఆ భయం ఎలాగూ ఉండదు.

పూఁతఁ బూసి: స్పష్టము.

ఇక్కడ కొంచెం చోటు మిగిలింది కనుక, "ఇండియాలో ఎవరికీ తెలీదు" అన్న మాట సంగతి చూద్దాం. 1126లో కల్యాణి సింహాసనం ఎక్కిన చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం చేశాడు. అందులో అన్నభోగమనే భాగంలో పందిని వండే పద్ధతి వివరంగా ఉంది. తెల్లబట్ట కప్పి వేడినీళ్లు పోసి బొచ్చు తీయడం, నిప్పు మీద కాల్చడం, తాటాకుల్లా పల్చని పట్టీలుగా కోసి సంబారం కలిపిన పెరుగుతో వడ్డించడం. ఆ చాళుక్యుల రాజముద్ర ఏది? వరాహం! శాసనం మీద వరాహం, పళ్లెంలోనూ వరాహం. రాజుకి రెండింటికీ మధ్య పేచీ కనిపించలేదు. మన తాతలు మూటలు కట్టి దాచుకున్న బంగారు నాణేనికి వరహా అన్న పేరు ఆ బొమ్మ వల్ల వచ్చిందే. అమరకోశంలో ముల్లుకి గుచ్చి కాల్చిన మాంసానికి శూల్యమనీ, భటిత్రమనీ పేర్లున్నాయి. కుండలో ఉడికినదానికి వేరే పేరుంది. కాల్చడం తెలియని దేశానికి ఇన్ని పేర్లెందుకు?

వరహా పెట్టెలో ఉండొచ్చు. పంది పెరట్లో ఉండకూడదు. పందుల పెంపకం ఎరుకలవారి పాత వృత్తి. ఆ వృత్తిని తరతరాలుగా ఊరి చివరికి నెట్టాం. మా ఊళ్లో ఈ మాంసం ఆదివారం పొద్దున, చెట్టు కింద, చూసీ చూడనట్టు కొనుక్కుంటారు. పలక పలకగా కావాలని అడిగితే కొట్టే మనిషి నవ్వాడు. "పలకెందుకు బావూ, ముక్కలు కొట్టిత్తాను, సుబ్బరంగా ఉడుకుద్ది" అన్నాడు. డాలస్‌లో మా వాడు తింటున్న ఫోటోకి చప్పట్లు కొట్టిన బంధువులే, ఇక్కడ పొగ లేవగానే వీధి తలుపు వేయించారు. ఇంట్లో గిన్నెలు వాడొద్దన్నారు. పొయ్యి పెరటి గోడకి ఆనుకుని పెట్టించారు. రోజంతా ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషి తన గిన్నె తను తెచ్చుకుంది. తన వాటా అందులో వేయించుకుని, మేము బల్ల దగ్గర కూర్చోకముందే వెళ్లిపోయింది. విదేశీ సూత్రం చదివి వచ్చినవాడికీ, స్వదేశీ వ్యాఖ్య రాసేవాడికీ అది వింతగా అనిపించకపోవడమే ఈ వంటలో అన్నిటికన్నా గట్టి పీచు. ఆరు గంటలు కాదు కదా, తొమ్మిది వందల ఏళ్లు కాల్చినా కరగలేదు.

విశ్రాంతి నిచ్చి: సులభము. మాంసానికి మాత్రమే.

ముట్టిన నూడరాదు: కేన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ పోటీల్లో ముట్టుకోగానే మాంసం ఊడిపడితే మార్కులు తగ్గిస్తారు. కొరికిన చోట పంటిగాటు స్పష్టంగా కనబడాలి. మా పెదనాన్న పళ్లు లేని నోటితో అరటాకు పలక తిని, ఊడిపడినదే మంచిదని తీర్పు చెప్పాడు. పోటీ మా ఇంట్లో జరిగింది కనుక తీర్పు ఆయనదే.

అలంకారము: అతిశయోక్తి.

తాత్పర్యము

పక్కటెముకలు కాల్చదలిచినవారు ఆదివారం దాకా ఆగక శనివారమే పలక చెప్పిపెట్టుకోండి. బొగ్గు కొనండి, 14.2 కిలోల గ్యాసు బండని ఆరు గంటలు ఒక్క పలక కింద కాల్చేసి, మర్నాడు కాఫీకి పక్కింటికి వెళ్లకండి. ఎండిన మామిడి కట్టె చాలు, సీసా వద్దు. కాగితం లేకపోతే అరటాకు. మంట దగ్గర కూర్చునే మనిషి మీరు కాకపోతే ఆ పూట కూలి విడిగా ఇవ్వండి. మొదటి పక్కటెముక ఆ మనిషికే పెట్టండి, ఇంట్లో పళ్లెంలో, లోపల, కుర్చీ వేసి.