ఊయల పద్యానికి ‘కీలసంజీవని’ వ్యాఖ్య

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ముందుగా మాట ఇచ్చి మరీ కాళిదాసుకు ‘సంజీవని’ వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత అంత మాట ఇవ్వలేడు. మూలం చూస్తే నాలుగు పాదాలు, విషయం చూస్తే పార్కు నిధులు. మూలంలో లేనివన్నీ చెబితే తప్ప ఉన్నది అర్థం కాదు.

పద్యకర్త ఎవరో తెలియదు. ఖతర్ ఉత్తరపు కొసన, దోహాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మదీనత్ అల్ షమాల్‌లో ఉద్యోగం చేసుకునే మనవాడెవరో రాశాడని వాడుక. జగిత్యాలవాడని కొందరు, రాయచోటివాడని కొందరు అంటారు. ఆటవెలది ఎంచుకున్నాడు కనుక ఆడుకునే పిల్ల ఉన్నవాడని మాత్రం చెప్పవచ్చు.

మూలం

ఊయలొకటి యూడె నొక్క మేకు జరుగ
పత్రమేగె దోహ పట్టణముకు
మేకు వెలకు మించె మీద నంటిన ముద్ర
పిల్ల లింతలోన పెద్దలైరి

ప్రతిపదార్థం

ఊయల ఒకటి = పార్కులోని రెండు ఊయలల్లో చిన్నపిల్లలది; ఒక్క మేకు జరుగన్ = పై కమ్మీని పట్టి ఉంచే మేకు ఒకటి చోటు తప్పగా; ఊడెన్ = ఒక పక్క నేలకు వేలాడెను; పత్రము = అర్జీ; దోహ పట్టణముకు = రాజధానికి; ఏగెన్ = వెళ్లెను (తిరిగి వచ్చినట్టు కవి చెప్పలేదు); మేకు వెలకున్ = ఆ మేకు ఖరీదుకు; మీదన్ అంటిన ముద్ర = అర్జీ మీద పడ్డ ముద్రలకైన ఖర్చు; మించెన్ = ఎక్కువాయెను; ఇంతలోనన్ = ఈ లోపల; పిల్లలు పెద్దలైరి = స్పష్టము. స్పష్టమే గాని వదలరాదు, చివర చూతము.

‘పట్టణమునకు’ అనవలసిన చోట ‘పట్టణముకు’ అన్నాడు. గల్ఫులో ఉన్నవాడికి విభక్తుల్లో కొంత మినహాయింపు ఉంది.

మేకు విచారం

ఊయలకు మేకులుండవు, బోల్టులుంటాయి. మేకు కొట్టిన ఊయల మీద పిల్లను ఎక్కించే తండ్రి లేడు. పోనీ ఛందస్సు కోసమా అంటే, మొదటి పాదంలో ‘ఒక్క బోల్టు జరుగ’ అన్నా గణాలు సరిపోతాయి. మూడో పాదంలో ‘బోల్టు వెలకు మించె’ అంటేనే ‘మీద’తో యతి చెడుతుంది. యతి కోసం కవి ఇంజనీరింగును బలిపెట్టాడు. టెండర్లలో ఇంతకంటే చిన్న కారణాలకు ఇంతకంటే పెద్ద వస్తువులు మారిపోతుంటాయి కనుక ఆయన్ని తప్పుపట్టం. ఇకమీద మేకు అంటే బోల్టు అని గ్రహించాలి.

ఆ బోల్టు ఎందుకు జరిగింది? రువైస్ రేవు పక్కనే ఉంది. రాత్రి ఉప్పుతేమ ఇనుము మీద దిగుతుంది, పగటి ఎండకు తేమ ఆరి ఉప్పు మిగులుతుంది. ఆ క్లోరైడు మామూలు స్టెయిన్‌లెస్ స్టీలును సైతం సూదిబెజ్జాలుగా తొలుస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం కొంత ఓర్చుకుంటుంది గాని ధర ఎక్కువ. వాయవ్యం నుంచి వీచే గాలి ఇసుక తెచ్చి బేరింగుల్లో పోస్తుంది. ఎండ ప్లాస్టిక్ జారుడుబల్లను పెళుసు చేస్తుంది, పడ్డ పిల్లకు దెబ్బ తగలకూడదని కింద పరిచిన రబ్బరును గట్టిపరుస్తుంది. ప్రారంభోత్సవం నాటి సాయంత్రం నుంచే ఆటస్థలం అరగడం మొదలవుతుందన్నమాట.

యూరపువారు ఈఎన్ 1176 ప్రమాణంలో ఇందుకే మూడు తనిఖీలు పెట్టారు. తరచూ కంటితో చూసిపోయేది ఒకటి, ఒకటి నుంచి మూడు నెలలకోసారి భాగాలు కదిపి చూసేది ఒకటి, ఏడాదికోసారి పునాది దాకా పరిశీలించేది మరొకటి. మన మాసికం, ఆబ్దికం లాంటి ఏర్పాటే. మనం పోయినవారికి పెడతాం, వారు పోకముందే పెడతారు.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో ‘దోహ’ బదులు ‘జిల్ల’ అని ఉంది: ‘పత్రమేగె జిల్ల పట్టణముకు’. గణం చెడదు, యతి చెడదు. ఏది అసలు పాఠం?

దోహ పక్షంవారి వాదం ఇది. షమాల్‌కు సొంత మునిసిపాలిటీ ఉంది, మనవాళ్లు బలదియా అంటారు. కానీ దానిపై మంత్రిత్వ శాఖ దోహాలో, పార్కులూ రోడ్లూ నిర్మించే అష్గాల్ దోహాలో, ఖజానా దోహాలో. 2015 జనగణనలో షమాల్ మునిసిపాలిటీ అంతా కలిపి పదివేలమంది లేరు. వారి దగ్గర ఇంటిపన్ను వసూలు చేసి పార్కు నడపలేరు, ఆ అవసరమూ లేదు: జీతం మీద ఆదాయపు పన్ను లేని దేశం. సొమ్ములో పెద్ద వాటా 1971లో ఈ తీరానికి ఆవల సముద్రం అడుగున కనిపెట్టిన నార్త్ ఫీల్డ్ గ్యాసుది. ఊయల ఊగే పిల్ల తల తిప్పితే కనిపించే సముద్రంలోనే నిధి ఉంది. అది మాత్రం రాస్ లఫాన్‌లో ఒడ్డెక్కి, దోహా వెళ్లి, పద్దుల్లో పడి, మళ్లీ షమాల్ రావాలి. కాబట్టి అర్జీ కూడా దోహాకే పోవాలి.

ప్రతిపక్షం: డబ్బుకు కొదవలేని చోట మేకుకు కరవా? 2022లో ఉమ్ అల్ సనీమ్ పార్కులో కిలోమీటరుకు పైగా నడకదారికి చల్లగాలి అమర్చిన రాజ్యం ఇది. షమాల్ క్లబ్బు స్టేడియాన్ని 1938 నాటి జుబారా కోట రూపులో కట్టించింది. 2012 నుంచి ఫిబ్రవరి రెండో మంగళవారం ఆటల కోసమే దేశమంతటికీ సెలవిస్తోంది. ఇక్కడ ఒక్క బోల్టు కోసం పిల్లలు పెద్దలయ్యారంటే నమ్మశక్యం కాదు.

జిల్ల పాఠానికి ఆ చిక్కు లేదు. మన దగ్గర లేఅవుట్ వేస్తే పదో వంతు ఖాళీస్థలంగా వదిలి పంచాయతీకో పురపాలికకో రాసివ్వాలి. స్థలం వచ్చింది. తెలంగాణలో 2022 జూన్ 2న క్రీడా ప్రాంగణాలు మొదలైతే నేల చదును చేయడానికి ఉపాధి హామీ సొమ్ము వచ్చింది. బోర్డు వచ్చింది, చాలా బాగా కనిపించే బోర్డు. వానాకాలంలో మొలిచిన గడ్డి కోయడానికి పద్దేది? 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి ఉంది. తక్కిన 40లోనే వీధిదీపాలు, రోడ్డు గుంతలు, శ్మశానం దారి. ఆ వరసలో చివర నిలబడి ఉంటుంది ఊయల.

వ్యాఖ్యాత నిర్ణయం: జిల్ల పాఠమే ప్రాచీనం. కవి ఊళ్లో ఉండగా రాసుకుని, షమాల్ వచ్చాక ఒక్క మాట మార్చాడు. అలా మార్చడంతో ఆయన కూడా ఊహించని అర్థం ఒకటి పుట్టింది. ఊళ్లో అర్జీదారుకు ఓటుంది, పద్దు లేదు. షమాల్‌లో పద్దుంది, ఓటు లేదు. 1999 నుంచి అక్కడ ఎన్నికైన కేంద్ర మునిసిపల్ మండలి ఉంది, 29 మంది సభ్యులు. అది సలహా మండలి, ఓటు ఖతరీలది. మనవాడు అర్జీ ఇవ్వగలడు, అడిగాడన్న పేరు తెచ్చుకోగలడు. వీసా మీద ఉన్నవాడు ఊయల గురించి అడిగేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. పద్యం రాసుకోవడం అంతకంటే క్షేమం.

ముద్ర విచారం

పద్యానికి ప్రాణం మూడో పాదంలో ఉంది. ఎస్టిమేటు, సాంకేతిక మంజూరు, పాలనా మంజూరు, టెండరు, కొలతల పుస్తకం (ఎంబీ) రికార్డు, బిల్లు: కొత్త పార్కుకు ఇవన్నీ ఉండవలసిందే, ప్రజాధనం మరి. బోల్టును కూడా అవే మెట్లెక్కించడం వల్ల ముద్ర వెల మేకు వెలను మించుతుంది. పదీ ఇరవై బోల్టులు ఊడేదాకా ఆగితే ఒక ‘పని’ అవుతుంది, అన్నీ ఊడితే కొత్త పార్కు మంజూరవుతుంది. మొత్తంగా చెడగొట్టుకోవడమే చవకైన మార్గమని దస్త్రమే నేర్పుతుంది. షమాల్ అయినా సిరిసిల్ల అయినా కొత్త పార్కుకు రిబ్బను కత్తిరించే చెయ్యి దొరుకుతుంది. బిగించిన బోల్టుకు రిబ్బను కట్టినవాడు లేడు.

ఆమ్‌స్టర్‌డామ్ ప్రజాపనుల శాఖ కోసం వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి 1978 వరకు ఏడు వందలకు పైగా ఆటస్థలాలు గీశాడు. వాస్తుశిల్ప చరిత్ర పుస్తకాల్లో అవన్నీ పదిలంగా ఉన్నాయి. నేల మీద మిగిలినవి కొన్నే.

అధ్యాహారం

ఊడె, ఏగె, మించె, పెద్దలైరి. నాలుగు పాదాలకు నాలుగు క్రియలు. ‘బిగించె’ అన్నది ఎక్కడా లేదు. బిగించినవాడు లేడా అంటే, ఉన్నాడు, పద్యంలోకి రానివ్వలేదు. వ్యాఖ్యాత ధర్మం కనుక ఇక్కడ పూరిస్తున్నాం.

అతను కాంట్రాక్టు కంపెనీ మనిషి, మనవాడే కావచ్చు. 2010 నాటి 15వ నంబరు చట్టం ప్రకారం కుటుంబాలుండే పేటల్లో కార్మికుల వసతి ఉండరాదు, కనుక అతని క్యాంపు వేరేచోట. కొన్ని పార్కుల్లో కొన్ని రోజులు కుటుంబాలకే ప్రవేశం, కనుక డ్యూటీ ఉంటేనే లోపలికి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 10 నుంచి 3:30 వరకు ఆరుబయట పని నిషేధం (మంచి నియమం), కనుక తెల్లవారుజామునే వస్తాడు. బోల్టు బిగించి, బరువు ఆగుతుందో లేదో చూడ్డానికి ఒకసారి ఊయల్లో కూర్చుంటాడు. ఆ కూర్చోవడం పనిలో భాగం. అతని కూతురు ఊళ్లో క్రీడా ప్రాంగణం బోర్డు ముందు నుంచి బడికి నడిచి వెళుతుంది.

అలంకారం

పెద్దలైరి అన్నదానికి రెండర్థాలు. జిల్ల పాఠంలో ఊయలబల్ల ఇక పట్టనంత ఎదిగారని. దోహ పాఠంలో పదో తరగతి ముగించి, ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేరారని. అక్కడ ఆటస్థలం ప్రసక్తి ఎటూ రాదు. నాలుగేళ్ల పిల్లకు ఊయల అవసరం మహా అయితే మరో రెండేళ్లు. ఈ ఏటి అర్జీ వచ్చే ఏటి బడ్జెట్లో చేరి, ఆ పైయేట టెండరై, మూడో యేట పనైతే ఆ పిల్ల చెల్లెలు ఊగవచ్చు, ఉంటే.

నాలుగో పాదంలో అతిశయోక్తి అని విద్యార్థులు రాస్తుంటారు. మార్కులు వేయరాదు. ఉన్నదున్నట్టు చెప్పడం స్వభావోక్తి.