పదిహేను నెలల తెల్లెలుక

కోల్‌కతాలో ఒక ప్రయోగశాల బోనులో పెరిగిన ఈ తెల్లెలుక తన కథను వంశంతో మొదలుపెడుతుంది. 1913లో హాల్సీ బ్యాగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒహాయో రాష్ట్రంలోని ఒక వ్యాపారి దగ్గర కొన్న ఎలుకలే తన పూర్వీకులట. జాతి పేరు బాల్బ్-సి. ఒకే వంశంలో తరతరాలుగా జతకట్టించడంతో ఒకదాని కాలేయానికీ ఇంకోదాని కాలేయానికీ తేడా దాదాపు ఉండదు. ప్రయోగానికి తమను ఎంచుకున్నది అందుకేనని అది చెబుతుంది.

దాని సీసాలోని నీళ్లలో లీటరుకు 3.2 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉంది. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. దాహం వేసినప్పుడల్లా తాగింది.

ఆ నీళ్లు బోనులోకి ఎందుకు వచ్చాయో కూడా దానికి తెలుసు. 1983లో కోల్‌కతా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు కె.సి. సాహా, పల్లెల నుంచి వచ్చిన రోగుల ఒంటిమీది మచ్చలకు బోరింగు నీళ్లలోని ఆర్సెనిక్ కారణమని గుర్తించారు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రి వైద్యుడు డి.ఎన్. గుహా మజుందార్ బృందం బారుయిపూర్ దగ్గరి రామ్‌నగర్‌లో ఊరివాళ్ల పొట్టలు తడిమి చూసింది. ఆర్సెనిక్ నీళ్లు తాగే 67 మందిలో 62 మందికి కాలేయం వాచి ఉంది. మంచినీళ్లు తాగే 96 మందిలో ఆరుగురికే! నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను వంచితే కంటికి కనబడుతుంది. ఆర్సెనిక్ దెబ్బ మాత్రం పక్కటెముకల చాటున పడుతోంది. అది ఎప్పుడు, ఎక్కడ మొదలవుతుందో మనుషుల్లో చూడలేరు కాబట్టి ఎలుకల్లో చూడాల్సి వచ్చింది.

కాలేయ కణం ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతూనే ఉంటాయి. కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములు వాటిని ఎప్పటికప్పుడు అణచివేస్తాయి. ఈ పనికి కావలసిన సరుకు గ్లూటాథయోన్. ఆర్సెనిక్ రెండు వైపుల నుంచీ కొడుతుంది. ఒకవైపు కణంపై దాడి చేసే ఆ అణువులను పెంచుతుంది, ఇంకోవైపు గ్లూటాథయోన్‌లోని గంధకాన్ని పట్టుకుని దాన్ని పనికి రాకుండా చేస్తుంది. ఇల్లు బయటికి నిండుగానే కనిపిస్తూ లోపల గాదె ఖాళీ అవుతున్నట్టుంటుంది ఈ తొలి దశ.

తనతో పెరిగినవి కాలేయ పరీక్ష కోసం విడతల వారీగా బోను నుంచి వెళ్లిపోయాయి. ఆరో నెల విడతలో గ్లూటాథయోన్ తగ్గింది, కణపు పొరల్లోని కొవ్వులు ఆక్సీకరణతో పాడవడం పెరిగింది. ఈ రెండిటినీ రంగులతో కొలిచే పద్ధతులున్నాయి. గ్లూటాథయోన్‌కు డీటీఎన్‌బీ కలిపితే పసుపు రంగు వస్తుంది. పాడైన కొవ్వుకు థయోబార్బిట్యూరిక్ ఆమ్లం చేర్చి వేడి చేస్తే గులాబి రంగు తేలుతుంది. కాలేయం దెబ్బతినేకొద్దీ పసుపు పలచబడుతుంది, గులాబి చిక్కబడుతుంది.

తొమ్మిదో నెల విడతలో కాటలేజ్ కూడా పడిపోయింది. అయినా కాలేయపు ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే కణాలన్నీ మామూలుగానే ఉన్నాయి! ఎలుక తన కథలో ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మూడు నెలలకు పైగా రసాయన లెక్క తప్పుతూనే ఉంది, కంటికి మాత్రం ఏమీ తెలియలేదు.

పన్నెండో నెలలో కణాల్లో కొవ్వు చేరింది. పదిహేనో నెలలో ఈ ఎలుక వంతు వచ్చింది. దాని కాలేయంలో ఫైబ్రోసిస్, అంటే పీచు పేరుకోవడం, కనిపించింది. మామూలుగా విటమిన్ ఎ దాచుకుని ఊరుకునే స్టెల్లేట్ కణాలు, ఆక్సీకరణ ఒత్తిడి తగిలితే కొల్లాజెన్ పీచును అల్లడం మొదలుపెడతాయి. ఆ పీచు పెరిగి కాలేయాన్ని గడ్డలు గడ్డలుగా చీల్చితే సిర్రోసిస్. ఈ ఎలుక దానికి ముందే ఆగిపోయింది. ఈ ప్రయోగం చేసిన అమల్ సాంత్రా, గుహా మజుందార్ తదితరులు ఈ ఫలితాలను 2000లో అచ్చువేశారు.

ఆర్సెనిక్ రోగుల్లో కూడా ఎక్కువగా కనిపించేది సిర్రోసిస్ కాని పోర్టల్ ఫైబ్రోసిస్. ఇదే బృందం బయాప్సీ చేసిన 69 మందిలో 63 మందికి అదే ఉంది. అప్పట్లో రామ్‌నగర్ నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 0.2 నుంచి 2 మిల్లీగ్రాములు ఉండేది, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 0.01. ఎలుకకు నెలల్లో ముగిసిన ఆ కనబడని దశ మనుషులకు ఏళ్ల తరబడి సాగుతుంది. అన్నాళ్లూ వాళ్లు అదే బోరింగు నీళ్లు తాగుతారు, వాటితోనే అన్నం వండుకుంటారు.