టర్బో బావగారు

టర్బో పెట్రోలు కారు కొని, దాన్ని నడపడం కన్నా బానెట్ ఎత్తి చూసుకోవడంలోనే ఎక్కువ సుఖపడే మనిషిని టర్బో బావగారు అనవచ్చు. హైదరాబాద్ అపార్టుమెంట్ల సెల్లార్లలో ఆదివారం పొద్దున్నే కనిపిస్తారు. చేతిలో టార్చి, భుజాన పాత బనీను గుడ్డ, పక్కన సలహాలిచ్చే వాచ్‌మన్ ఈయన ఆనవాళ్లు. కారుకు ఏ రోగమూ లేకున్నా వైద్యం మొదలుపెట్టడం ఈయన ప్రధాన లక్షణం. అందులో మొదటి మందు ఆయిల్ క్యాచ్ క్యాన్.

ఇంజిన్‌లో మసి పేరుకుంటుందన్న ఈయన భయం మరీ ఉత్తది కాదు. సిలిండర్లో మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్‌కేసులోకి జారుతుంది. అక్కడే ఉండిపోతే ఒత్తిడి పెరిగి సీళ్లు కారతాయి. అందుకే పీసీవీ వాల్వు దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపుతుంది. పోతూ పోతూ అది నూనె తుంపరలను వెంటేసుకుపోతుంది. పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వులను కడిగే దిక్కు లేదు కాబట్టి వాటి వెనక మసి పేరుకుంటుంది. ఆ తుంపరలను దారిలోనే పట్టి ఆపే డబ్బానే క్యాచ్ క్యాన్. ఈ పాఠమంతా బావగారు పెళ్లి పంక్తిలో పప్పు వడ్డించేలోపే ముగించగలరు.

బిగింపులో తొలి ఘట్టం క్యాన్ రంగు. ఎరుపా, నీలమా అన్న విచారణ రోజుల తరబడి సాగుతుంది. లోపల నూనెను ఆపే అడ్డుపలకలు, స్టీలు జాలీ ఉన్నాయా అన్నది డబ్బు కట్టాక గుర్తొస్తుంది. క్యాన్‌ను టర్బో వేడికి దూరంగా, గాలి తగిలే చోట పెట్టాలి. చల్లబడితేనే ఆవిరి ద్రవమై దిగుతుంది. బావగారు మాత్రం బానెట్ ఎత్తగానే కనబడే చోట పెడతారు.

అసలు పరీక్ష గొట్టాల దగ్గర. టర్బో కారులో క్రాంక్‌కేసు వాయువుకు దారులు రెండు. నెమ్మదిగా పోతున్నప్పుడు మానిఫోల్డులోని వాక్యూం దాన్ని లాగుతుంది. టర్బో ఒత్తిడి, అంటే బూస్టు, వచ్చినప్పుడు చెక్ వాల్వు ఆ దారి మూసేస్తుంది. వాయువు టర్బోకు ముందున్న గొట్టంలోకి మళ్లుతుంది. ఒక దారిలోనే క్యాన్ పెడితే పని సగమే. చెక్ వాల్వు తిరగేసి బిగిస్తే బూస్టు క్రాంక్‌కేసులోకే దిగి సీళ్లను తన్నేస్తుంది. గొట్టం నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరుది, కంపెనీ గొట్టమంత లావుది కావాలి. మడత పడకూడదు, మధ్యలో వేలాడకూడదు. బావగారు రాణీగంజ్‌లో బేరమాడి తెచ్చే నీళ్ల గొట్టం నూనె తగిలితే ఉబ్బుతుంది. క్యాన్ మీద చిన్న ఫిల్టరు పెట్టి వాయువును బయటికే వదిలేసే ఉపజాతి ఒకటుంది. అలా వదలడం కాలుష్య నిబంధనలకు విరుద్ధం. కారులోకి వచ్చే వాసనను బట్టి ఇంటావిడ ముందే కనిపెడుతుంది.

చివరిది క్యాన్ విప్పే ఘట్టం. చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగిన కారైతే నీరు, నూనె కలిసి మజ్జిగలాంటి ద్రవం దిగుతుంది. బావగారు దాన్ని సీసాలో పోసి బావమరిదికీ, పై అంతస్తులోని రిటైర్డు ఇంజినీరుకూ చూపిస్తారు. క్యాన్‌లో ఏమీ లేకపోతే ఆ పూట అన్నం సయించదు. గొట్టాలు సరిగ్గా బిగించి ఉంటే, క్యాన్ అంతగా నిండకపోవడం రింగులు బాగున్నాయనడానికి గుర్తు. సొంత ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నందుకు దిగులుపడే యజమాని ఈయనొక్కరే. క్యాన్ తరచూ నిండుతుంటే రింగులో, పీసీవీ వాల్వో పాడైందని అనుమానించాలి. ఆ సీసా చూడవలసినవాడు బావమరిది కాదు, మెకానిక్కు.