గ్యారంటీ దొరలకు ఒక అర్జీ

నైజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ డైరెక్టర్ దొరలకు, లండన్. (చిరునామా మారి ఉంటే, ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్నవారికి.)

అచ్యుతాపురం నుంచి రాసుకున్న అర్జీ.

అయ్యా,

మీ కంపెనీని 1930లోనే నిజాం సర్కారు కొనేసిందని తెలుసు. అయినా గ్యారంటీ అన్న మాటను పేరులోనే తగిలించుకున్నవారు మీరే కాబట్టి మీకే రాస్తున్నాను.

మా పైవాటాలో ఉండే కుర్రాడిది ఇల్లందు. ఇక్కడి సెజ్‌లో పని. దసరాకి ఊరెళ్లాలంటే అనకాపల్లిలో రైలెక్కి, ఖమ్మంలో దిగి, బస్సు పట్టాలి. "మీ ఊరికి రైల్లేదేటి?" అన్నాను. "పట్టాలున్నయ్ అంకుల్. బొగ్గు పోతది, మేమే పోం" అన్నాడు.

1871లో విలియం కింగ్ దొర అక్కడ బొగ్గు కనిపెట్టారు. 1883లో మీ ఒప్పందం: పెట్టుబడి మీది, దాని మీద ఇరవై ఏళ్లు నూటికి అయిదు వడ్డీకి పూచీ నిజాం ఖజానాది. అంటే బండి నడిచినా నడవకపోయినా మీ వాటాదారుడి కంచంలో అన్నం ఉంటుంది. ఇదేం లెక్కని నిలదీసిన వారిలో అఘోరనాథ చటోపాధ్యాయగారు, మన సరోజినీ నాయుడి నాన్నగారు, ఒకరు. ఆయన్ని ఏకంగా హైదరాబాదు నుంచే వెళ్లగొట్టారు. ఆ బొగ్గు తవ్వాల్సిన గనుల కంపెనీ వాటాల రభస 1888లో మీ పార్లమెంటు కమిటీ దాకా పోయింది.

రభసలు ఎలా ఉన్నా డోర్నకల్ నుంచి అడవిలోకి కొమ్మ లైను పడింది. 1889లో బొగ్గు పైకొచ్చింది. ఇల్లందు బొగ్గుట్ట అయింది. ఇంజన్లు ఆ బొగ్గే తిని ఆ బొగ్గే మోశాయి.

1927లో కారేపల్లి నుంచి కొత్తగూడెం వైపు మరో లైను వేశారు. (కొత్తగూడెం స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. నమ్మి దిగిన భక్తుడికి రాముడింకా నలభై కిలోమీటర్ల అవతల, గోదారి దాటాక!) గనులూ ఆఫీసులూ అటే నడిచాయి. ఇల్లందు కొమ్మకు కొమ్మయింది. ఆవిరి ఇంజన్లు పోయాయి, భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, చివరికి ప్యాసింజరూ ఆగిపోయింది.

మా వైపూ అంతే లెండి. గంగవరం రేవులో దిగిన బొగ్గు కన్వేయరెక్కి దర్జాగా ఉక్కు ఫ్యాక్టరీకి పోతుంది. మనిషి మాత్రం అచ్యుతాపురం కూడలిలో ఆటో కోసం నిలబడాలి.

ఎక్కువేం అడగను, మీ పాత లెక్కే చాలు. ఇల్లందు దారిన పోయే పెట్టెల్లో నూటికి అయిదు మనుషులకు ఇప్పించండి. జవాబు దసరాకి నెల ముందే అందేలా చూడండి. కుర్రాడు సెలవు పెట్టుకోవాలి.

ఇట్లు,
పూచీ లేని ప్రయాణికుడు