పేటెంటుకు కొత్త సరుకు, ఊపిరితిత్తికి పాత దుమ్ము

కార్బన్ నానోట్యూబ్. పేరు విన్నారుగా? బరువుకు బరువు చూస్తే ఉక్కును మించిన బలం. వెంట్రుకను వేల పోగులుగా చీలిస్తే గానీ అందని సన్నదనం. పేటెంటు ఆఫీసు మెట్లెక్కిన ప్రతి కంపెనీదీ ఒకటే పాట: ‘అయ్యా, ఇలాంటి సరుకు లోకం ఇంతవరకు చూడలేదు.’ పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు అదే పాట, మరో రెండు సంగతులు వేసి మరీ.

సరే, ఒప్పుకుందాం. ఆ పొడిని సంచుల్లోకి ఎత్తుతారు. సంచితో పాటు ఒక భద్రతా పత్రం వెళ్తుంది. ‘పనిచేసే చోట గాలిలో ఇది ఎంతవరకు ఉండొచ్చు?’ అని అందులో ఓ గడి. చాలా కంపెనీలు ఆ గడిలో ఏళ్ల తరబడి ఏం రాశాయో తెలుసా? గ్రాఫైట్‌కు ఎంతో దీనికీ అంతే! పెన్సిల్ ములుకులో ఉంటుందే, ఆ గ్రాఫైట్. పైన ఆఫీసులో అపూర్వం, కింద షెడ్డులో పెన్సిల్ ములుకు. ఎంత వినయం!

ఈ వినయం ఖరీదెంతో లెక్క చూడండి. అమెరికా చట్టంలో కృత్రిమ గ్రాఫైట్ ధూళికి, అంటే ఊపిరితిత్తుల లోతుకు దిగే రకానికి, ఘనపు మీటరు గాలిలో 5 మిల్లీగ్రాముల దాకా చెల్లు. నానోట్యూబులకు అదే దేశపు పరిశోధన సంస్థ నియోష్ 2013లో సూచించిన పరిమితి 1 మైక్రోగ్రాము. తేడా 5,000 రెట్లు. ఆ గడిలో గ్రాఫైట్ అని రాసినవాడు పొరపాటున రాశాడంటారా? ఐదు వేల రెట్ల పొరపాటా?

‘అదే కార్బనే కదండీ, భయమెందుకు?’ అంటారు పెద్దమనుషులు. ఒక సెంటీమీటరు ఘనం తీసుకోండి. దాని ఒంటి మీది వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని నానోమీటరు ఘనాలుగా నరికేయండి. బరువు రవ్వంత కూడా మారదు. వైశాల్యం మాత్రం 6,000 చదరపు మీటర్లు. దాదాపు ఎకరంన్నర. శరీరంతో గొడవపడేది ఆ ఎకరంన్నర. చట్టం తూచేది మాత్రం ఆ గ్రాములే. బియ్యం కొట్టువాడి తక్కెడ పట్టుకుని దోమలను తూచినట్టుంది వ్యవహారం.

ఇందులో తెలియని రహస్యం ఏమైనా ఉందా? 2008లోనే పొడవాటి నానోట్యూబులను ఎలుకల పొట్టలోకి ఎక్కించి చూశారు. ఆస్బెస్టాస్ పోగులు చేసే పనే ఇవీ చేశాయి. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక రకం నానోట్యూబును మనిషికి క్యాన్సర్ తేగల అవకాశమున్న జాబితాలో చేర్చింది. మిగతా రకాల సంగతి తేల్చడానికి ఆధారాలు చాలలేదంది. ఆధారాలు చాలలేదంటే అర్థం? శాస్త్రవేత్తకు, ఇంకా పరిశోధించాలని. కంపెనీకి, ఇంకా అమ్ముకోవచ్చని.

ఇక ఆ 1 మైక్రోగ్రాము ఎలా పుట్టిందో కూడా వినండి. ఊపిరితిత్తిని అడిగి పెట్టిన అంకె కాదది. యంత్రాన్ని అడిగి పెట్టింది. 2010 ముసాయిదాలో 7 మైక్రోగ్రాములన్నారు. తర్వాత, నమ్మకంగా కొలవగలిగిన అట్టడుగు అంకె 1 అని తేలింది. అక్కడ గీత గీశారు. ఆ గీత దగ్గర కూడా 45 ఏళ్లు పనిచేస్తే వందమందిలో అరమనిషి నుంచి 16 మంది వరకు ఊపిరితిత్తుల్లో తొలిదశ మార్పులు రావచ్చని నియోష్ తన నివేదికలోనే రాసుకుంది. దాచకుండా చెప్పినందుకు నియోష్‌కు దండం పెట్టొచ్చు. కానీ గమనించారా? పరిమితి అంటే ‘ఇక్కడి దాకా క్షేమం’ అని కాదు, ‘ఇక్కడి దాకా మాకు కనపడుతుంది’ అని!

పోనీ ఆ అంకైనా చట్టమా? అబ్బే. అది సూచన. చట్టం చేయాల్సింది ఓషా అనే మరో సంస్థ. నానోట్యూబులకు చట్టబద్ధమైన పరిమితి అమెరికాలో ఇప్పటికీ లేదు. ఓషా 2013లో ఒక కరపత్రం వేసి, నియోష్ అంకెలు పాటిస్తే బాగుంటుందని కార్ఖానాలకు నచ్చజెప్పింది. వాళ్ల తీరిక గురించి తెలియాలంటే సిలికా కథ చాలు. రాతి దుమ్ముకు పరిమితి తగ్గించమని నియోష్ చెప్పింది 1974లో. ఓషా దాన్ని చట్టం చేసింది 2016లో. నలభై రెండేళ్లు! అప్పుడు ఉద్యోగంలో చేరిన కుర్రాడు రిటైరై, దగ్గుతూ ఆ గెజిట్ చదువుకుని ఉంటాడు, బతికుంటే. అదే లెక్కన నానోట్యూబుల వంతు 2055. తొందరేముంది?

ఈ లోగా గాలి ఆగుతుందా? చైనాలో ఒక పెయింటు పని షెడ్డు. గాలి లాగే యంత్రం చెడిపోయింది. చలికి తలుపులూ కిటికీలూ మూసుకున్నారు. ముఖానికి గుడ్డ మాస్కు, అదీ ఎప్పుడో ఒకప్పుడు. 18 నుంచి 47 ఏళ్ల ఏడుగురు ఆడవాళ్లు ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో పడ్డారు. ఇద్దరు చనిపోయారు. వాళ్ల ఊపిరితిత్తుల్లో నానో కణాలు దొరికాయని 2009లో వైద్యులు రాశారు. అవి నానో కణాల వల్ల పోయిన ప్రాణాలా, పెయింటు రసాయనాల వల్లా, గాలి ఆడని గది వల్లా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. వాదించుకోనీండి, అది వాళ్ల పని. మరి ఆ ఫ్యాను బాగుచేయించడం ఎవరి పని?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2007లో నానో మిషన్‌కు ఐదేళ్లకుగాను వెయ్యి కోట్లు ప్రకటించాం. ప్రపంచానికి పాఠం చెబుతామన్నాం. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు నానో వెండి పూత పూసి నీళ్లు శుద్ధిచేసే క్యాండిల్ ఫిల్టర్ తయారుచేశారు. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. మరి ఆ నానో వెండిని దేశంలో ఎక్కడైనా సరే కలిపే మనిషి, తూచే మనిషి, గిన్నె కడిగే మనిషి ఎంత పీల్చవచ్చో చెప్పే అంకె మన చట్టంలో ఏది? నియోష్ 2021లో 0.9 మైక్రోగ్రాములంది. మనం ఏమన్నాం? ఏమీ అనలేదు. నానో మిషన్ జాగ్రత్తల పుస్తకం ఒకటి వేసింది. మార్గదర్శకాలట. పాటిస్తే పుణ్యం. పాటించకపోతే? ఏమీ లేదు, టీ తాగి వెళ్లండి.

పాపం, మన చట్టానికి తెలియదులే అనుకోకండి. భోపాల్‌లో జనం పిట్టల్లా రాలిపోయాక 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ఏ రసాయనం ఎంతవరకు అని పట్టిక చేర్చారు. ఆ పట్టిక జింక్ ఆక్సైడ్ దుమ్ముకు 10 మిల్లీగ్రాములిచ్చి, అదే జింక్ ఆక్సైడ్ పొగకు 5 చాలంది. అంటే పదార్థం ఒకటే అయినా సన్నబడితే ప్రమాదం పెరుగుతుందని రాసినవాళ్లకు అప్పుడే తెలుసు. ఆస్బెస్టాస్‌ను గ్రాముల్లో తూచలేదు, పోగుల్లో లెక్కపెట్టింది. తూకం పనికిరాని చోట లెక్కపెట్టాలనీ తెలుసు. అన్నీ తెలిసిన ఆ పట్టికలో నానో అన్న మాట మాత్రం లేదు. చట్టానికి తెలివి ఉంది. లేనిది తీరిక.

ఆ చట్టం స్థానంలో కార్మికుల భద్రతకు కొత్త కోడ్ వచ్చింది కదా అంటారా? 2020లో పార్లమెంటు ఆమోదించింది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చారు. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు ఇరవైమంది ఉండాలట. నానో పొడులతో పనిచేసే స్టార్టప్‌లో ఎంతమంది ఉంటారు సార్? ఇరవైమందా? ఇంక్యుబేటర్ గదిలో ముగ్గురు కుర్రాళ్లూ ఒక ఎగ్జాస్టు ఫ్యానూ. ఆ ఫ్యాను కూడా ఫొటోల కోసమే.

ఆ కోడ్‌లోనే 88వ సెక్షన్ ఉంది. ఫ్యాక్టరీలో విష పదార్థాలకు గరిష్ఠ పరిమితులు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలదేనంటోంది. కాబట్టి ఢిల్లీని తిట్టి తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది. అమరావతీ, హైదరాబాదూ రెండూ డీప్‌టెక్ అని, అధునాతన పదార్థాలని పెట్టుబడులకు ఎర్ర తివాచీ పరుస్తున్నాయి. పరవండి. ఆ తివాచీ దులిపేవాడు పీల్చేదానికి కూడా మూడు వరుసలు రాయండి. కార్బన్ నానోట్యూబుకు 1 మైక్రోగ్రాము. నానో వెండికి 0.9. నానో టైటానియం డయాక్సైడ్‌కు 300. కమిటీ వేయనక్కర్లేదు, విదేశీ పర్యటన అసలే అక్కర్లేదు. నియోష్ వాళ్లే లెక్కలు కట్టి, అచ్చువేసి, ఉచితంగా పెట్టారు. చూసి రాసుకోండి చాలు. ఎవరూ డిబార్ చెయ్యరు.